గుడ్రున్ గారి తేమ వాటా

మనిషి గుహలోంచి ఎందుకు బయటికి వచ్చాడంటే, లోపల చెమ్మ ఎక్కువైంది కాబట్టి. అప్పటినుంచి ఇప్పటిదాకా జరిగిన చరిత్రంతా కిటికీలు తెరవడమే. ఈ సంగతి ఓల్డెన్‌బర్గ్‌లోని ‘ఉత్తరపు గాలి’ గృహ సహకార సంఘం నియమావళిలో మొదటి పేజీలోనే ఉంది. కాబట్టి అది నిజం.

ఆ సంఘం నుంచే జనవరిలో ఒక పొద్దున శుభవార్త వచ్చింది. కవరు మీద పేరు హెన్నింగ్‌ది. చించి చదివింది అతని కొత్త పెళ్ళాం వీబ్కె. పెళ్ళయి మూడు నెలలైనా ఆమె పేరుతో ఆ ఇంటికి ఉత్తరాలు రావు. కింద గుమ్మం దగ్గర పేరు పలక లేనివాళ్ళు ఆ ఇంట్లో లేనట్టే. పలక కోసం పెళ్ళైన మర్నాడే పెట్టుకున్న అర్జీ ఇంకా పరిశీలనలో ఉంది. (పెళ్ళి నిలబడుతుందో లేదో సంఘం కొన్నాళ్ళు చూస్తుంది. ఇత్తడి ఊరికే రాదు.)

“గుడ్రున్ రావచ్చట,” అంది వీబ్కె, వంటింట్లో రెండు కాళ్ళూ హెన్నింగ్ పాదాల మీద పెట్టి నిలబడి.

గుడ్రున్ ఒక బోవా జాతి పాము. విషం లేదు, పొగరు మాత్రం ఉంది. ఎండ పడితే నీళ్ళ మీద పెట్రోలు చుక్కలా ఒళ్ళంతా ఇంద్రధనుస్సు అవుతుంది. వీబ్కె కాలేజీ రోజుల నుంచీ పెంచుకుంటోంది. అనుమతి వచ్చేదాకా పాము బ్రెమెన్‌లో వీబ్కె అన్నయ్య ఇంట్లో తలదాచుకుంది. ఆ సాయంత్రమే దాన్ని తెచ్చుకున్నారు. గాజు పెట్టెలో కొబ్బరి పొట్టు పరిచారు, మూలన తడి నాచు పెట్టారు, నీళ్ళు చిలకరించారు. పెట్టెలో తేమ మీటరు ఎనభై మూడు చూపించింది. ఇద్దరూ దాని ముందు చాప మీద కూర్చుని టీ తాగారు. వేడి టీలో కలకండ చిట్లే చప్పుడు వినడం వీబ్కెకి పెళ్ళయ్యాక పట్టిన కొత్త పిచ్చి.

అనుమతికి రెండు షరతులున్నాయి. పాము నివాసంలో తేమ ఎనభై శాతానికి తగ్గకూడదని జంతు సంక్షేమ విభాగం. ఇంట్లో ఎక్కడా తేమ యాభై శాతానికి మించకూడదని బూజు నివారణ విభాగం. రెండింటి కిందా సంతకం ఒక్కటే. సిబ్బంది కొరత వల్ల మంగళవారాలు బూజునీ, గురువారాలు జంతువుల్నీ టీట్యెన్ గారే చూసుకుంటారు.

మంగళవారం టీట్యెన్ గారు బూడిద రంగు కోటు వేసుకుని వచ్చారు. ముందు గదిలో గాలి కొలిచి సంతోషించారు. తర్వాత గాజు పెట్టెలో చెయ్యి పెట్టి కొలిచి, టోపీ తీశారు.

అది ఇల్లు కాదనీ పెట్టె అనీ వీబ్కె మనవి చేసుకుంది. ఇంట్లో ఉన్న పెట్టె ఇల్లేనని ఆయన సెలవిచ్చారు. రోజూ పొద్దునా సాయంత్రమూ గది కిటికీలూ, పెట్టె తలుపులూ ఒకేసారి బార్లా తెరవాలి. (బయట మంచు పడుతుంటే మరీ మంచిది. మంచులో బూజుకి ఉత్సాహం ఉండదు.)

తెరిచారు. కొత్త దంపతులు ఒకే దుప్పటి కప్పుకుని చలికి పళ్ళు టకటకలాడిస్తూ నిలబడ్డారు. అది కూడా బాగానే ఉందని వీబ్కె అనుకుంది గానీ, గుడ్రున్‌కి బాగాలేదు. అది కుబుసం విడిచే వేళ. కళ్ళు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. పెట్టెలో తేమ నలభైకి పడిపోయేసరికి పాత చర్మం ఊడకుండా మెడ దగ్గర పెచ్చులు కట్టి అంటుకుపోయింది. కళ్ళ మీద పొర అలాగే ఎండిపోతే చూపుకే ప్రమాదం.

గురువారం టీట్యెన్ గారు ఆకుపచ్చ కోటు వేసుకుని వచ్చారు. గుడ్రున్‌ని చూసి ఆయన కళ్ళు చెమర్చాయి. పసిదాన్ని ఇలా ఎండగట్టిన రాక్షసుడెవరని అడిగారు.

“మొన్న మంగళవారం టీట్యెన్ గారు చెప్పారండీ,” అంది వీబ్కె.

“ఆయనతో నాకు పెద్దగా పరిచయం లేదమ్మా,” అన్నారు టీట్యెన్ గారు.

వారంలో తేమ ఎనభైకి చేరకపోతే పాముని శరణాలయానికి తీసుకుపోతామన్నారు. చేరితే ఏమవుతుందో మంగళవారం తెలుస్తుందట.

వీబ్కె ఏడవలేదు. టీ పెట్టింది. కలకండ చిట్లింది, మీగడ తేలింది, టీట్యెన్ గారు మెత్తబడ్డారు. మంగళవారం ఆయనకి మీరే ఒక మాట చెప్పకూడదా అని ఆమె బతిమాలింది. ఆ మనిషి మొండివాడని విన్నానన్నారాయన. అయినా ఒక ఉత్తరం రాసి చూస్తానన్నారు.

రాశారు. మంగళవారం దాన్ని అందుకుని, వాడిన భాష కటువుగా ఉందని నొచ్చుకుని, అయినా జవాబిచ్చారు. పాము చావకుండా కర్ర విరగకుండా అనే సామెత ఆ ఊళ్ళో లేదు. లేకపోయినా పని అలాగే జరిగింది: గాజు పెట్టెని హెన్నింగ్ ఇంట్లో భాగం కాదని తేల్చి, అదే చిరునామాలో స్వతంత్ర నివాసంగా గుర్తించారు. అందులో ఉండే వ్యక్తి గుడ్రున్ గారు. తన ఇంట్లో తేమ ఆవిడ ఇష్టం.

ఆ రాత్రి పెట్టె తలుపులు మూసి, నాచు తడిపారు. తెల్లారేసరికి గుడ్రున్ మేజోడు విడిచినట్టు కుబుసం మొత్తం ఒక్క ముక్కగా విడిచి, కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది. కళ్ళు తేటగా ఉన్నాయి. వీబ్కె కుబుసాన్ని వేళ్ళ మీద పరుచుకుని, ఆఫీసుకి ఆలస్యమవుతున్న హెన్నింగ్‌ని ఆపి మరీ చూపించింది.

అంతలో గంట మోగింది. బుధవారం, టీట్యెన్ గారు నీలం కోటులో ఉన్నారు. బుధవారాలు ఆయన పేరు పలకల విభాగం.

“పలక తెచ్చాను,” అన్నారు, సంచిలోంచి ఇత్తడి తీస్తూ.

వీబ్కె చేతులు జోడించినంత పని చేసింది. పలక మీద ‘గుడ్రున్’ అని ఉంది.

ఒక్కో గుమ్మానికి రెండు పలకలకే చోటుంటుందని ఆయన వివరించారు. ఒకటి హెన్నింగ్‌ది. రెండోది స్వతంత్ర నివాసిది.

“మరి నేనెక్కడుంటున్నట్టండీ?” అంది వీబ్కె.

టీట్యెన్ గారు దానికీ దారి చూపించారు. రెండో పలక కింద చిన్న అక్షరాల్లో ‘గుడ్రున్ గారి సంరక్షణలో’ అని చేర్చి ఆమె పేరు చెక్కించవచ్చు. దానికి నివాసి ఒప్పుకోవాలి.

“రేపు గురువారమే కదా, నేనే వచ్చి ఆవిడని అడుగుతాను,” అన్నారాయన. “ఆ కాసేపు మీరు గదిలో ఉండొద్దు. ఒత్తిడి చేశారనే మాట వస్తుంది.”