ఒక్క నారింజ దీపం

ఆ రోజు పదకొండు గంటలకు వైర్లమ్మ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. పెట్టకూడదని పొద్దున ఆరింటికే, పళ్ళు తోముకుంటూ తీర్మానించుకుంది.

ఆ కాగితంలో ఏముందో అత్తగారికి కూడా కంఠతా వచ్చు. మూడు రోజులుగా ఇంట్లో వేరే మాట లేదు మరి. "నా నిర్లక్ష్యం వల్లా, చెప్పిన మాట వినకపోవడం వల్లా ఆఫీసు నెట్‌వర్కు చెడిపోయింది. దీనికి పూర్తి బాధ్యత నాదే." కింద పేరుకు ఖాళీ, సంతకానికి గీత. సంతకం పెడితే ఊరి చివర పాత గోడౌనుకు బదిలీ. పెట్టకపోతే ఏమవుతుందో మేనేజరు చెప్పలేదు. గొంతు మాత్రం సవరించుకున్నాడు.

"పెట్టకు," అంది అత్తగారు. ఆవిడ ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. "నా సర్వీసులో చెయ్యని తప్పుకి నేనెప్పుడూ సంతకం పెట్టలేదు. చేసినవాటికి కూడా అంతంతమాత్రమే."

"ఉద్యోగం పోతేనో అత్తయ్యా?"

"పోతే ఇద్దరం ఇంట్లో కూర్చుని వాణ్ణి తిట్టుకుందాం. నాకూ పొద్దుపోవట్లేదు."

వైర్లమ్మ నవ్వింది గానీ భయం పోలేదు. తొమ్మిదేళ్ళు చేసిన ఉద్యోగం అది. పార్సిల్ ఆఫీసులో గోడల వెనక, నేల కింద ఏ వైరు ఎటు పోతుందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ పేరు అలా వచ్చిందే.

గొడవంతా ఒక దీపం దగ్గర మొదలైంది. పై అంతస్తులో ఆఫీసు, కింద పార్సిళ్ళ బెల్టు. పైన ఒక స్విచ్ పెట్టె, కింద ఒకటి, రెంటికీ మధ్య రెండు కేబుళ్ళు. ఒక కేబుల్ దగ్గర పచ్చ దీపం వెలుగుతుంది, రెండోదాని దగ్గర నారింజ దీపం. తొమ్మిదేళ్ళుగా అంతే. ఎనిమిది నెలల కిందట వచ్చిన కొత్త మేనేజరు కంట్లో అది నలుసులా పడింది.

ఆయనకు ఖాళీగా ఉన్నదేదీ గిట్టదు. వచ్చిన వారంలోనే అదనపు కుర్చీలు అటకెక్కించాడు. గేటు తాత చేత మొక్కలకు నీళ్ళు పోయించాడు. మనిషికి ఒక్క పెన్నే ఉండాలని సర్క్యులర్ తీశాడు. వైర్లమ్మ మాత్రం ఒకటి జేబులో పెట్టుకుని, రెండోది కొప్పులో దోపుకుని ఆయన ముందే తిరిగేది.

"ఒక కేబుల్ చాకిరీ చేస్తుంటే ఇంకోటి నారింజ రంగేసుకుని కునుకు తీస్తోంది. నా ఆఫీసులో దానికి సెలవెవరిచ్చారు?" అన్నాడాయన మొదటిసారి.

"నేను పెట్టిన అడ్డు వల్ల స్విచ్చే దాన్ని ఆపి ఉంచింది సార్. రెండూ ఒకేసారి తెరిస్తే, ఒక దారిలో కిందికెళ్ళిన మాట రెండో దారిలో పైకొచ్చేస్తుంది. మళ్ళీ కిందికెళ్తుంది. తిరిగి తిరిగి పెరిగిపోతుంది. అసలు పనికి దారుండదు. మొదటిది తెగిన రోజున రెండోది అరనిమిషంలో అందుకుంటుంది. దాని ఉద్యోగమే అది."

"తెగినప్పుడు చూద్దాం. ముందు పచ్చగా వెలిగించు."

"వెలిగించను సార్."

ఆ 'వెలిగించను' దగ్గరే కాగితం పుట్టింది. ఆయన లెక్కలో నారింజ దీపమంటే నెట్‌వర్కు చెడిపోయినట్టే. హెడ్డాఫీసు నుంచి తనిఖీ అధికారిణి వస్తున్నారు, ఆవిడకు చూపించడానికే ఆ కాగితం. తనిఖీ ఫారంలో ఏడో ప్రశ్న, "స్విచ్ దీపాలు పచ్చగా ఉన్నాయా?" మేనేజరు ఆ ఫారం మొదటి పేజీ కాపీ తీయించి, ఫ్రేము కట్టించి, స్విచ్ పెట్టె పక్కనే మేకుకు తగిలించాడు.

తనిఖీ రోజు తొమ్మిదిన్నరకు ఆయన జేబులోంచి మిఠాయికి చుట్టే పచ్చ గాజు కాగితం ముక్క తీసి నారింజ దీపానికి అంటించాడు. దీపం బురదనీళ్ళ రంగుకు తిరిగింది. రెండు మడతలు వేసి చూశాడు. ఇంకా బురదైంది.

"తియ్యండి సార్, పాపం దానికి కామెర్లొచ్చినట్టుంది," అంది వైర్లమ్మ.

ఆయన ఆమెను కింద బెల్టు దగ్గర ఏదో ప్రింటరు చూడమని పంపేసి, సొరుగులోంచి సీలు వేసిన కవరు తీశాడు. అందులో స్విచ్ పాస్‌వర్డు ఉంది. కవరు మీద 'ప్రమాదం వస్తేనే తెరవాలి' అని వైర్లమ్మే రాసింది. తనిఖీని మించిన ప్రమాదం ఏముంటుందనుకుని ఆయన దాన్ని చింపి, సర్వీసు సెంటరుకు ఫోన్ చేశాడు.

"ఆ అడ్డు తీసేస్తే పచ్చగా వస్తుంది సార్. కాకపోతే ఒక విషయం..." అన్నాడు అవతలి మనిషి.

"పచ్చగా వస్తుందా, రాదా?"

"వస్తుంది గానీ సార్..."

"ఆ గానీలు నాకొద్దు. ఏం నొక్కాలో చెప్పు."

పదీ ఇరవైకి నారింజ దీపం పచ్చబడింది. మేనేజరు రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని తనివితీరా చూసుకున్నాడు. మరుక్షణమే దీపాలన్నీ ఒక్కసారిగా పూనకం వచ్చినట్టు మిణుకు మిణుకుమనసాగాయి. ఎంత చురుగ్గా పనిచేస్తున్నాయో అనుకున్నాడాయన. కింద బెల్టు ఆగిపోయింది. ఆఫీసులో ఫోన్లు మూగబోయాయి. గేటు దగ్గర అడ్డుకడ్డీ వాలినది వాలినట్టే బిగుసుకుపోయింది.

పదిన్నరకు తనిఖీ అధికారిణి గేటు దగ్గర దిగి కార్డు చూపించారు. యంత్రం పలకలేదు.

"కార్డు మోగందే లోపలికి రానివ్వకూడదు మేడమ్," అన్నాడు గేటు తాత.

"నేను హెడ్డాఫీసు నుంచొచ్చాను. మీ మేనేజరుకి చెప్పండి."

"ఫోను పలకట్లేదు. అయినా, కార్డు మోగకపోతే నన్ను కూడా రానివ్వకు అని సారే కాగితమిచ్చారు. ఇదిగో."

ఆవిడ దగ్గరున్నది ఆఫీసు నంబరొక్కటే. అదీ మోగలేదు. ఎండలో పావుగంట నిలబడ్డారు. ఆవిడ వెనక లారీ డ్రైవర్లు చేరారు, టీ తాగడానికి వెళ్ళి తిరిగొచ్చిన బెల్టువాళ్ళు చేరారు. వాళ్ళ వెనక యూనియన్ నాయకుడు చేరాడు. ఆయన్ని అందరూ మైకు అంటారు, మైకు అక్కర్లేని గొంతు కాబట్టి.

మూసిన గేటు చూడగానే మైకుకు అంతా అర్థమైపోయింది. "లాకౌటు చేశాడు," అన్నాడు. అందరికంటే ముందు ఫైలు పట్టుకుని నిలబడిన నెరిసిన జుట్టావిడ యూనియన్ పెద్దాఫీసు మనిషేననీ అర్థమైపోయింది. ఒక చెక్కపెట్టె తెచ్చి ఆవిడ ముందు వేశాడు. "ఎక్కక్కా. నాలుగు మాటలు చెప్పు."

మామూలు రోజైతే ఆవిడ ఎక్కేవారు కారేమో. కానీ నెత్తి మాడుతోంది, కాళ్ళు లాగుతున్నాయి, చెప్పాల్సింది కూడా చాలానే ఉంది.

"పనిమీద వచ్చినవాళ్ళకి గేటు ముయ్యడం ఏం పద్ధతి? లోపలికి రానివ్వాలి," అన్నారు పెట్టె మీద నుంచి.

"రానివ్వాలి, రానివ్వాలి," అన్నారు జనం. ఆవిడకు అది బాగానే అనిపించింది. ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా అన్నారు.

పైన కిటికీలోంచి మేనేజరు అదంతా చూశాడు. తనిఖీ రోజునే సమ్మె. ఆగిన బెల్టు సంగతి తేల్చుకుందామని వైర్లమ్మ అప్పుడే మెట్లెక్కి వచ్చింది.

"నువ్వే రెచ్చగొట్టావు వాళ్ళని. బెల్టు కూడా నువ్వే ఆపావు."

ఆమె దీపాల వంక చూసింది. ఒక్క చూపు సరిపోయింది. "కవరు తెరిచారా సార్?"

"నేనేం ముట్టుకోలేదు."

"ముక్కలు మీ కాళ్ళ దగ్గరే ఉన్నాయి సార్."

మేనేజరు కాగితం ముందుకు చాపాడు. "ముందు సంతకం పెట్టు. తర్వాత బాగుచెయ్యి."

"బాగుచేస్తాను. సంతకం పెట్టను. ఆ రెంటికీ ముడి పెట్టకండి."

"ఆ కేబుల్ మీద చెయ్యేస్తే రేపట్నుంచి నీకిక్కడ ఉద్యోగముండదు."

వైర్లమ్మ కేబుల్ దగ్గరికి నడిచింది. తొమ్మిదేళ్ళు కళ్ళముందు తిరిగాయి. అంతకంటే ఎక్కువగా ఒళ్ళు మండింది. తను పెట్టిన అడ్డు తను లేనప్పుడు తీసి, తన చేతే తప్పు ఒప్పించాలని చూసిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. "పోతే పోనివ్వండి," అని రెండో కేబుల్ పట్టుకుని లాగేసింది.

దీపాలు నెమ్మదించాయి. కింద బెల్టు కదిలింది. ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. గేటు దగ్గర ఆవిడ కార్డు మోగింది, కడ్డీ లేచింది, జనమంతా నినాదంతో సహా లోపలికి వచ్చేశారు. ముందు ఆవిడ, పక్కన మైకు.

"ఈ యూనియనావిణ్ణి బయటికి పంపండి," అన్నాడు మేనేజరు మెట్ల మీద నుంచి.

ఆవిడ గుర్తింపు కార్డు తీసి ఆయన కళ్ళద్దాలకు దగ్గరగా పట్టుకున్నారు. గొంతు బొంగురుపోవడంతో అంతకంటే ఏమీ మాట్లాడలేకపోయారు. మైకు నెమ్మదిగా పక్కకు జరిగాడు.

అందరూ స్విచ్ పెట్టె దగ్గరికి వచ్చేసరికి, మేనేజరు తీసేసిన అడ్డును వైర్లమ్మ మళ్ళీ పెట్టేసి, కేబుల్ గుచ్చుతోంది. అరనిమిషం అందరూ చూశారు. రెండో దీపం నారింజ రంగులో నిలిచింది.

"హమ్మయ్య," అన్నారు అధికారిణి. "ఈ వారం చూసిన ఆఫీసుల్లో ఇలా సరిగ్గా ఉన్నది ఇదొక్కటే."

మేనేజరు గోడమీది ఫ్రేము చూపించాడు. ఆవిడ దాన్ని మేకు నుంచి తీసి తిప్పి చూశారు. వెనక అట్ట తప్ప ఏమీ లేదు. "రెండో పేజీ ఏదండీ?" అని తన ఫైల్లోంచి అసలు ఫారం తీసి చదివారు. "రెండు కేబుళ్ళుంటే ఒకటి నారింజ రంగులో ఆగి ఉండాలి. రెండూ పచ్చగా వెలిగిస్తే, ఆ పని చేసినవారి చేత రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి."

ఆవిడ చూపు చిరిగిన కవరు మీద ఆగింది, అక్కణ్ణుంచి మేనేజరు మీదికి వచ్చింది. "ఇప్పుడిదంతా టైపు చేయించాలి కాబోలు."

"అక్కర్లేదు మేడమ్. టైపు చేసే ఉంది," అని వైర్లమ్మ మేనేజరు చేతిలోని కాగితం అందుకుని ఇచ్చింది.

ఆవిడ రెండుసార్లు చదివారు. "బాగా రాశారండీ. ఇంత నిజాయితీగా ఎవరూ రాయరు. పేరు రాసి సంతకం చెయ్యండి."

మేనేజరు జేబులోంచి తన ఒకే ఒక్క పెన్ను తీశాడు. అది రాయలేదు. విదిలించాడు, ఊదాడు, అరచేతి మీద గీసి చూశాడు.

వైర్లమ్మ కొప్పులోంచి రెండో పెన్ను తీసి ఇచ్చింది.