కేరింతనగరంలో మా మంద దిగిన రాత్రి

మనిషి ఏం తిన్నాడన్నది వాడి కడుపుకు సంబంధించిన సంగతి. ఎక్కడ పడుకున్నాడన్నది వాడి హోదాకు సంబంధించిన సంగతి. ఆ లెక్కన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో నా అంత హోదా గలవాడు మరొకడు లేడని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. (జిల్లాను మూడు చేసి ఏళ్ళు గడిచినా నేను ఉమ్మడి జిల్లా అనే అంటాను. ఉన్నదాన్ని విడగొట్టడం నా ఒంటికి పడదు.) పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఈ గుర్వయ్య పడకకు కిరాయి కట్టి ఎరుగడు. కట్టకపోగా, ఎవరి జాగాలో పడుకుంటే వాళ్ళే నాకు ఎదురిచ్చారు.

నమ్మని పట్నం పాఠకుల కోసం కొంచెం వివరణ. మాది గొర్లు కాసే ఇల్లు. పంట తీసిన చేలల్లో రాత్రిపూట మంద ఆపుతాం. తెల్లారేసరికి చేను నిండా ఎరువు. అందుకని ఆసామి మాకు గింజలు కొలిచి, రాత్రి బువ్వ పెట్టి, “ఇంకొక్క రాత్రి ఉండరాదుండ్రి” అని గడ్డం పట్టుకుంటాడు. (అతిథి వదిలి వెళ్ళినదాన్ని చూసి ఇంతగా సంతోషించే యజమాని ఏ ఐదు నక్షత్రాల హోటల్లోనూ ఉన్నట్టు నేను వినలేదు.)

అంతటి నన్ను, పోయిన ఎండాకాలం సెలవుల్లో, కేరింతనగరం అతిథిగా పిలిచింది.

కేరింతనగరం అంటే సాగర్ రోడ్డు మీద వెలసిన వినోద సామ్రాజ్యం. నీళ్ళు పారే గొట్టాల్లో మనుషులు జారతారు. ఒక యంత్రం మనిషిని తలకిందులు చేసి, కేకలు పెట్టించి, ఆ కేకల ఫోటో తీసి వాడికే అమ్ముతుంది. మా మనవరాలు శ్రీవాణి ఆ ఫోటో కోసం సంవత్సరం నుంచి అన్నం సరిగా తినడం లేదు. కాబట్టి అందరం పోవడం ఖాయమైంది. మా ఆవిడ బీరమ్మ మాత్రం ఒక షరతు పెట్టింది.

“ఆటలు మీరే ఆడుకోండ్రి. నాకైతే ఆ రాత్రి అందరం ఒక్క కాడ, వరుసగ పండాలె. గంతే. ఇంకేం అడగ.”

ఆమె బాధ ఆమెది. మా లింగస్వామి చిన్నప్పుడు మేం మందతో కృష్ణ దాటి పోయేవాళ్ళం, వాడు నల్లగొండ హాస్టల్లో ఉండేవాడు. ఇప్పుడు వాడు, కోడలు స్వర్ణ, శ్రీవాణి నల్లగొండలో కిరాయి ఇంట్లో ఉంటారు, మేం ఊళ్ళో గొర్ల దగ్గర ఉంటాం. ఎప్పుడొచ్చినా పొద్దు గూకేసరికి కారు ముఖం రోడ్డు వైపు తిరిగి ఉంటుంది. అందరం ఒక్కచోట పడుకున్న రాత్రి మా ఇంటి చరిత్రలో నమోదు కాలేదు. ఇంత చిన్న కోరికకు ఎన్ని శాఖల ఆమోదం కావాలో పాపం ఆమెకు తెలియదు.

మొదటి సమస్య: కేరింతనగరం లోపలి హోటల్లో దిగాలా, బయటి లాడ్జీలో దిగాలా?

స్వర్ణ లోపలి పక్షం. లోపల దిగినవాళ్ళను గంట ముందు పార్కులోకి పంపిస్తారట. (యంత్రాలు మాత్రం అందరికీ ఒకే వేళకు మొదలవుతాయి. ఆ గంటసేపు ఆగి ఉన్న యంత్రాలను దగ్గరినుంచి చూసే హక్కు లోపలివాళ్ళకే ఉంటుంది.) లింగస్వామి బయటి పక్షం. వాడు సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు, ఏ సంగతినైనా తేల్చకుండా ఉంచడం వాడికి వృత్తిరీత్యా అబ్బింది.

“లోపలి గది కిరాయితోని ఒక పెండ్లి చెయ్యొచ్చు” అన్నాడు వాడు.

“ఎవరిది, నీదా?” అంది స్వర్ణ. “బయట లాడ్జీ నుంచి పిల్లను ఎండల నడిపిస్తవా?”

“రెండు నిమిషాలే అని రాసిండ్రు ఫోన్ల.”

“ఎవరికి రెండు నిమిషాలు? కాకికా?”

నన్ను తీర్పు చెప్పమన్నారు. ఇద్దరిదీ న్యాయమేనన్నాను. (ఇంట్లో పెద్దరికం నిలబెట్టుకోవడానికి ఇంతకుమించిన తీర్పు లేదు.) అప్పుడు స్వర్ణ ఫోనులో లోపలి గది చూపించింది. మెత్తటి పరుపు, గోడ మీద నెమలి. కింద ఎర్ర అక్షరాలతో ఒక హెచ్చరిక: ‘ఈ గదిని ఇప్పుడు మరో పదిహేడు మంది చూస్తున్నారు.’

బీరమ్మ కొంగు సర్దుకుంది. “మనం పండే అర్రల గంతమంది తొంగి చూస్తుండ్రా? ముందుగాల తలుపు పెట్టుమను.”

చివరికి, ఏకాభిప్రాయం కుదరనప్పుడు ప్రజాస్వామ్యం ఏం చేస్తుందో మేమూ అదే చేశాం. రెండూ ఖాయం చేశాం. స్వర్ణ లోపల ఒక కుటుంబ గది తీసుకుంది. ఆమెకు చెప్పకుండా లింగస్వామి బయట ‘హాయి నివాస్’ అనే లాడ్జీలో ముందే డబ్బు కట్టి ఐదు పడకలు తీసుకున్నాడు. ఎందుకైనా మంచిదని నేను గొంగళ్ళు, టార్పాలిన్ కారు డిక్కీలో వేసుకున్నాను.

మధ్యాహ్నానికి లోపలి హోటలు కౌంటరు ముందు నిలబడ్డాం. కౌంటరు వెనక ప్రేమ్‌సాగర్ అనే పిల్లగాడు ఉన్నాడు. అతని చొక్కా మీద ‘అతిథి సౌఖ్య సహాయ సమన్వయకర్త’ అని రాసి ఉంది. (పదవి చొక్కా జేబు దాటి చంకలోకి పోయింది.) అతడు ముందు మా చేతులకు పట్టీలు తొడిగి, పట్టీలకు బయానా కట్టించుకున్నాడు. లింగస్వామి, స్వర్ణ, శ్రీవాణిలకు నీలం పట్టీ, మా ఇద్దరికీ నారింజ పట్టీ.

“మాకు వేరే రంగెందుకు బిడ్డా?” అన్నాను.

“కుటుంబం అంటే భార్య, భర్త, పన్నెండేండ్ల లోపు పిల్లలు, తాతా. సిస్టంల అంతే ఉన్నది. మీరిద్దరు అదనపు పెద్దలు.”

జిల్లాకు అదనపు కలెక్టరు ఉంటాడని తెలుసు. ఇంటికి అదనపు నాయిన ఉంటాడని ఆ రోజే తెలిసింది. కుటుంబాలకు ‘మంచుకొండ’ భవనమట, అదనపు పెద్దలకు ‘ఎడారి’ భవనమట. మా కోసం ఎడారిలో గది కూడా కేటాయించాడు, దాని కిరాయి కూడా ఫోనులోంచి లాగేశాడు. రెంటి నడుమ నది ఉంది. (మోటారు నది.) రాత్రి రంగుల నీళ్ళ ఆట అయిపోగానే దాని మీది వంతెన మూసేస్తారు. ఆ తర్వాత నీలం పట్టీ ఉన్న భవనంలో నారింజ పట్టీ కనిపిస్తే అలారం మోగుతుంది.

“నా కొడుకు పక్కన పండనీకి నది దాటాల్నా?” అంది బీరమ్మ. “నిండు కృష్ణ దాటినం బిడ్డా గొర్లతోని. గప్పుడు గూడ ఎవరు చేతికి పట్టీ కట్టలే.”

ఇక్కడ ఒక మంచి మాట చెప్పడం న్యాయం. మోకాళ్ళ నొప్పితో బీరమ్మ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడితే, ప్రేమ్‌సాగర్ తన కుర్చీ తెచ్చి ఆమెకు వేశాడు. “కూసో అవ్వా” అన్నాడు. అంతటి సంస్థలో అంతటి పని.

నేను అతనికి మా వృత్తి ధర్మం చెప్పి చూశాను. “మేం గూడ వేరు చేస్తం బిడ్డా. పొట్టేళ్ళను ఒక దిక్కు కడతం. పిల్లలను పగలు దడిల పెడతం. గని పొద్దు గూకినంక పిల్లను తల్లికి విడుస్తం. ఇడువకుంటె తెల్లార్లు అరిసి ఊరును పండనియ్యవు.”

“గొర్లకు సిస్టం లేదు కద తాతా” అన్నాడు ప్రేమ్‌సాగర్. చాలా దిగులుగానే అన్నాడు.

పై అధికారిని పిలవమన్నాం. పై అధికారి ఫోనులో ఉంటాడట, అంటే ఫోనులోనే నివాసమట. లింగస్వామి సంగతంతా రాసి పంపాడు. ‘మీ బాధ మాకు ఎంతో విలువైనది’ అని వెంటనే జవాబొచ్చింది. దాని కింద ఒక సలహా కూడా ఉంది: ‘రాజకుటుంబ గదికి మారండి.’ మారదామని చూస్తే రాజకుటుంబం అన్నా భార్య, భర్త, పన్నెండేళ్ళ లోపు పిల్లలే. (రాజ్యంలో తాత మిగిలి ఉంటే వారసత్వ తగాదాలు వస్తాయని కాబోలు.)

అప్పుడు లింగస్వామి గొంతు సవరించుకుని, బయటి లాడ్జీ సంగతి బయటపెట్టాడు. స్వర్ణ వాణ్ణి చూసిన చూపును ఇక్కడ వర్ణించను, ఈ రచన పిల్లలు కూడా చదవవచ్చు.

రెండు నిమిషాల దూరానికి బయలుదేరాం. రోడ్డుకు నడుమ డివైడర్ ఉంది. కారు మళ్ళాలంటే దాదాపు నందికొండ డ్యాం కనిపించేదాకా పోవాలి. పోయి వచ్చాం. హాయి నివాస్ గుమ్మంలో సాలమ్మ అనే ఆవిడ తాళాల గుత్తి పట్టుకుని కూర్చుంది.

“మొగోళ్ళు కింద, ఆడోళ్ళు మీద” అంది, మా ముఖాలు చూడకుండానే.

“మేం మొగుడు పెండ్లాలమమ్మా” అన్నాను.

“అందుకే చెప్తున్న.”

“లగ్గమై నలభై ఏండ్లు దాటింది చెల్లే.”

“అయితె ఒక్క రాత్రి ఇడిసి ఉండనీకి ఏం కష్టం?”

బీరమ్మ వెంటనే, “ఈయన్ను ఇడిసి ఉండుడు కష్టం గాదు సాలమ్మా. నా కొడుకు కింద, నా మనవరాలు మీద. నేను మెట్ల మీద పండాల్నా?” అంది.

మెట్ల మీద పడుకోవడానికి అనుమతి లేదని అక్కడ బోర్డే ఉంది.

పాఠకులు గమనించాలి. మేం ఐదుగురం. లోపలైతే ముసలీ పడుచూ అని విడదీసి ముగ్గురిని ఒక దిక్కు, ఇద్దరిని ఒక దిక్కు చేస్తారు. బయటైతే ఆడా మగా అని విడదీసి ముగ్గురిని ఒక దిక్కు, ఇద్దరిని ఒక దిక్కు చేస్తారు. లెక్కలో రెండు వ్యవస్థల మధ్య పూర్తి ఏకాభిప్రాయం ఉంది.

“ఇంటికి పోదాం తియ్యి” అన్నాడు లింగస్వామి. ఇంటికి అంటే ఏ ఇంటికి? వాళ్ళు నల్లగొండకు, మేం ఊరికి. అదీ ముగ్గురు, ఇద్దరే. బీరమ్మ ఏమీ అనకుండా పోయి కారులో కూర్చుంది. ఆమె ఏమీ అనకపోవడం అంతకుముందు ఒక్కసారే జరిగింది. అప్పుడు పశువుల డాక్టరును పిలిచాం.

బయానా అయినా అడుగుదామని మళ్ళీ కేరింతనగరం వెళ్ళాం. మొదటి గేటు దాటి, రెండో గేటుకు ముందున్న మైదానంలో కారు ఆపాడు లింగస్వామి. అక్కడ ఒక పెద్ద బోర్డు ఉంది. వాడు ఆఫీసు అలవాటు కొద్దీ దాన్ని చివరిదాకా చదివాడు. మొదటి గేటుకు అవతల ‘బయట’. రెండో గేటు దాటితే ‘లోపల’.

“మరి నడుమ?” అన్నాను.

“నడుమ గురించి ఏం ఆదేశాలు లేవు నాయినా.”

“ఆదేశాలు లేకుంటె మీ ఆఫీసుల ఏం చేస్తరు?”

“ఏం చెయ్యం. గట్లనే ఉండనిస్తం.”

“అయితె ఉందాం” అన్నాను, డిక్కీ తెరుస్తూ.

అంతలో పార్కింగు చీటీల మిషను మెడలో వేసుకుని ఒక ముసలాయన వచ్చాడు. వచ్చి, నా తలపాగా చూసి ఆగిపోయాడు.

“ఎవరూ, గుర్వన్నా? మంద ఏదే?”

“గిదే” అన్నాను, మావాళ్ళ వైపు చూపించి.

అతడు సాయిలు. ఆ మైదానం ఒకప్పుడు అతని చెల్క. పల్లికాయ తీశాక మా మందను తన చేనులో ఆపమని మా వెంట తిరిగేవాడు. ఇప్పుడు చెల్క పార్కుకు పోయింది, సాయిలు దానికి కాపలా ఉన్నాడు.

“జాగా గదే గని గుర్వన్నా,” అన్నాడు మొహమాటంగా, “గప్పుడు నేను నీకిచ్చేటోణ్ణి. గిప్పుడు నువ్వియ్యాలె.” మిషను చీటీ కక్కింది. దాని మీద ఇలా ఉంది: ‘రాత్రి నిలుపుదల. వాహనం ఒకటి, అందులో గలవారు.’

అందులో గలవారు! నీలం లేదు, నారింజ లేదు, కింద లేదు, మీద లేదు. ఆ రోజంతా తిరిగితే మా కుటుంబానికి సరైన నిర్వచనం పార్కింగు మిషను దగ్గర దొరికింది.

ఇంతటితో నా మొదటి పేరాలోని గొప్ప మట్టిలో కలిసిందని ఒప్పుకుంటున్నాను. పడకకు కిరాయి కట్టి ఎరగనివాణ్ణి ఒకే రాత్రికి లోపల, బయట, నడుమ మూడుచోట్లా కట్టాను. ఉమ్మడి జిల్లాలో ఇది కూడా నా పేరు మీదే ఉంటుంది.

సాయిలు ఇంటికి ఫోను చేశాడు. కాసేపటికి జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, ఉల్లిగడ్డలు వచ్చాయి.

“ఎందుకే సాయన్నా, పైసలు తీసుకుంటివి గద” అన్నాను.

“మంద ఆపినోనికి బువ్వ పెట్టకుంటె చెల్కకు మంచిది గాదే.”

“చెల్క ఏడున్నది? అంత సిమెంటే.”

“అయితె సిమెంటుకు మంచిది గాదు. తిను.”

టార్పాలిన్ పరిచి గొంగళ్ళు వేశాం. మంద అంచున కాపరి పడుకోవాలి కాబట్టి నేను ఈ చివర, నా పక్కన లింగస్వామి, తర్వాత శ్రీవాణి, స్వర్ణ. బీరమ్మ ఆ చివరినుంచి వేలు చూపిస్తూ ఒక్కొక్క తలా లెక్కపెట్టింది. ఎందుకో మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

“మంద సరిగున్నదా?” అన్నాను.

“సరిగున్నది. పండు” అని, తను కూడా పడుకుంది.

మర్నాడు అందరూ ఆటలాడారు. శ్రీవాణి తలకిందులై అరిచి ఫోటో కొనుక్కుంది. బీరమ్మ పెద్ద చక్రం ఎక్కి, పైనుంచి ఎటు మేత ఉందో చూసుకుని దిగింది. (ఎరువు విషయంలో మాత్రం మా మంద ఆచారం పాటించలేదు. పార్కు మరుగుదొడ్డికి టికెట్టు తీసుకున్నాం.)

ఇక మిగిలింది పట్టీల బయానా. అది వెనక్కి రావాలంటే ఫోనులో ‘మీ బస ఎలా ఉంది?’ అనే ఫారం నింపాలి. అందులో చుక్క గుర్తు పెట్టిన ప్రశ్న ఒకటి ఉంది: ‘మా సిబ్బంది మీకు చేసిన ఒక మంచి పని రాయండి.’ ఖాళీగా వదిలితే ఫారం పోదు. ‘ఏమీ లేదు’ అని రాసినా పోలేదు. “నాయినా, ఏదన్న ఒకటి చెప్పు” అన్నాడు లింగస్వామి. చెప్పాను. ఫారం పోయింది.

వారం తిరిగేసరికి జవాబు వచ్చింది: ‘మీ ప్రశంసకు ధన్యవాదాలు. నిబంధనలకు విరుద్ధంగా కౌంటరు దగ్గరికి కుర్చీ ఎలా వచ్చిందో విచారణకు ఆదేశించాం.’

అయ్యలారా, విచారణ ఆపండి. వంతెన నిజం, పట్టీలు నిజం, సాలమ్మ అక్షరాలా నిజం. ఫారం నింపడానికి నేను పుట్టించింది కుర్చీ ఒక్కటే, అక్కడొకటి ఇక్కడొకటి ఉండకూడదని ఈ కథలోనూ అలాగే రాశాను. బీరమ్మ ఆ మధ్యాహ్నమంతా నిలబడే ఉంది. ప్రేమ్‌సాగర్ తప్పేమీ లేదు. తెచ్చి వేయడానికి ఆ కౌంటరు వెనక అతనికే కుర్చీ లేదు.