ఒక్కరైనా బాగుందనరా?

ఆ పొద్దున థోమై వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ కాచుకోవాలి. ధ్యానం కోర్సు తీసుకున్నవాళ్లను కంప్యూటరు తెరమీదికి పిలిచి "మీకేమైనా మేలు జరిగిందా?" అని అడగాలి. మధ్యాహ్నం నిమ్మరసం పిండుకుని వేయించిన చేపలు తినాలి. ఆన్‌లైన్లో మనశ్శాంతి నేర్పే ఆ కోర్సును ఇంకా ఎలా బాగుచెయ్యాలో, నేర్చుకునేవాళ్లనే అడిగి తెలుసుకోవడం ఆమె ఉద్యోగం. కోర్సు ఉంటేనే ఉద్యోగం.

యజమాని స్టెర్గియోస్ పుట్టింది గ్రీసులో మా రేవుపట్నం వోలోస్‌లోనే గాని పెరిగింది జర్మనీలో. అందుచేత మనిషి నోట ఏది వస్తే అదే మనసులో మాట అని నమ్మే జబ్బొకటి అంటుకుంది. "ఒక్కరు బాగుందన్నా చాలు, నడుపుదాం. లేదంటే ఇవాళే మూసేద్దాం," అని తనూ తెరలో ఓ మూల గడిలో కూర్చున్నాడు.

థోమైకి బెంగ లేదు. కోర్సులో చేరిన దగ్గర్నుంచి కింది వాటాలో ఎవాంథియా అత్త పెట్టే గురకకు థోమై కప్పులూ సాసర్లూ నాట్యమాడుతున్నాయి. రేవులో ఓడలు కూడా అది తమ కూతే అనుకుని లంగరు ఎత్తేస్తున్నాయి.

"అత్తా, నిద్ర బాగా పడుతోందా?"

ఎవాంథియా పక్క గడిలోని వదిన పొలిక్సేని వంక చూసింది. పొలిక్సేనివి నీలికళ్లు.

"నా మొహానికి నిద్ర కూడానా తల్లీ! రెప్ప వాల్చి ఎన్నాళ్లయిందో."

"నీకు పోయింది నిద్రేగా మరదలా," అంది పొలిక్సేని, తనేం తక్కువ తిన్నానని. "నా రక్తపోటు మేడెక్కి కూర్చుంది."

"మీరే నయం," అన్నాడు చేపలమ్మే పరాస్కెవాస్, గుమ్మడిపండులా నిగనిగలాడుతూ. "నేను చిక్కి సగమయ్యాను."

స్టెర్గియోస్ మొహం పాలిపోయింది. "మనం జనాన్ని చంపుతున్నామా?"

థోమై మెట్లమీద దొర్లినంత పనిచేసి కింది వాటాకు పరిగెత్తింది. "ఇంత అబద్ధమా అత్తా! నా ఉద్యోగం ఊడుతుంది."

"అరవకే! పదిమందిలో బాగున్నానని చెప్పమంటావా? నీలికళ్ల దిష్టి తెలీదూ? మా వదిన కంటికి నాపరాయైనా పగులుతుంది. నిమ్మచెట్టు బాగా కాసిందంది, సాయంత్రానికి కట్టెలు కొట్టుకున్నాం."

"నీకు పుణ్యముంటుంది, ఒక్క మాట!"

ఎవాంథియా కరిగింది. వెల్లుల్లిపాయ గుప్పిట పట్టుకుని తెర ముందుకొచ్చింది. చెప్పబోయే మంచిమాటకు దిష్టి తగలకుండా ముందే ముమ్మారు "తూ, తూ, తూ" అని ఉమ్మింది. ఏదో శుభం చెప్పబోతోందని మిగతావాళ్లకు అర్థమైపోయింది. మంచిమనసున్నవాళ్లు కదా, ఆవిడ చల్లగా ఉండాలని గడిగడిలోంచీ తలా ముమ్మారు ఉమ్మారు. పొలిక్సేని అందరికన్నా గట్టిగా ఉమ్మింది.

"కోర్సు మీద ఉమ్ముతున్నారు!" అని స్టెర్గియోస్ లేచి నిలబడ్డాడు.

"కాదు సార్, అది దీవెన!"

"మొహాన ఉమ్మడం దీవెనా? చాలు. కోర్సు మూసేశాం. అందరూ మన్నించండి." అతని గడి చీకటైపోయింది.

ఎవాంథియా శిలువ గీసుకుంది. "ఎంత చల్లని కోర్సు తల్లీ! పక్క మీద వాలితే తెల్లారేదాకా తెలివొచ్చేది కాదు."

"నేను మాత్రలే మానేశాను," అని పొలిక్సేని కళ్లొత్తుకుంది.

"బంగారంలాంటి కోర్సు," అంటూ పరాస్కెవాస్ ముక్కు చీదాడు.

థోమై నెత్తి బాదుకుంది. "ఈ ముక్క ఇందాకే ఏడవొచ్చుగా!"

"ఇందాక అది బతికుందిగా, పిచ్చిదానా! పోయినదానికి దిష్టేమిటి?"

థోమై స్టెర్గియోస్‌కి ఫోను చేసింది. "సార్, బాగుందంటున్నారు!"

"వాళ్ల నోట విననీ. మళ్లీ తెరుస్తాను."

"అత్తా, తెరుస్తాడట! చెప్పు, చెప్పు!" అని ఫోను ఎవాంథియా నోటిదగ్గర పెట్టింది.

"తెరుస్తాడా?" ఎవాంథియా గతుక్కుమంది. వదిన నీలికళ్లకేసి ఓసారి చూసింది. "ఏం కోర్సో నాయనా, ప్రాణం తీసిందనుకో!"

థోమైకి ఊడిన ఉద్యోగం ఎంత మంచిదో మర్నాటినుంచి వోలోస్ అంతా చెప్పుకుంటోంది.