విజయోత్సవంలో అయిదో శకటం

యుద్ధం గెలిచేది సైన్యమే అయినా, గెలుపు పూర్తయ్యేది మాత్రం కారిమంగళం మెయిన్ రోడ్డులో ఊరేగింపు సాగాకే. ఈ సంగతి రాజ్యాంగంలో లేదు. (చోటు చాలక వదిలేసి ఉంటారు.) అందుకే సరిహద్దులో కాల్పులు ఆగగానే ఊళ్ళో విజయోత్సవ సమన్వయ సంఘం వెలిసింది. అధ్యక్షుడు వసంతకుమార్. ఉత్సవం రోజు రోడ్డు మీద ఒక్క ఊరేగింపే ఉండాలన్నది ఆయన తొలి ఉత్తర్వు.

పచ్చయమ్మాళ్‌కు ఈ ఉత్తర్వు తెలియదు. ఆమె పెద్దకొడుకు గోవిందన్ బోరుబండి వెంట పనికి పోయి, సరిహద్దు పల్లెలో బోరు వేస్తుండగా ఫిరంగి గుండు పడి చచ్చిపోయాడు. శవం ఉత్సవం నాటి మధ్యాహ్నమే ఇల్లు చేరింది. ఇంకో రాత్రి ఆగే స్థితిలో లేదు. పొద్దు గుంకితే వాళ్ళలో పూడ్చరు. చిన్నకొడుకు పళని పూలపాడె కట్టించి, డప్పులవాళ్ళను పిలిచి, టపాసులు తెచ్చాడు. ఆ వైపు మనిషిని సాగనంపే పద్ధతే అది, ముందు కుర్రాళ్ళ ఆట, వెనక ఆడవాళ్ళ ఏడుపు.

పాడె మెయిన్ రోడ్డెక్కగానే డప్పులు, టపాసులు, పూలు చూసిన సంఘం వాలంటీర్లకు ఇది శకటం కాదేమోనన్న అనుమానమే రాలేదు. పాడెను వరసలోకి తోసి అయిదో నంబరు అంటించారు.

పచ్చయమ్మాళ్ వేదిక దగ్గరికి పరుగెత్తింది.

"సామీ, పొద్దు గుంకే లోపల నా బిడ్డను మట్టికి చేర్చాల. దోవ విడవండి."

వసంతకుమార్ నొచ్చుకున్నాడు. కానీ నంబరు పడిన శకటం ముఖ్య అతిథిగా వచ్చే నాయకుడి ప్రసంగం కాకుండా కదలరాదన్నాడు. ఏడుపుకు అభ్యంతరం లేదు, మైకుకు దూరంగా ఉంటే చాలన్నాడు.

నాయకుడు ఆలస్యంగా వచ్చారు. ఈ గెలుపు కోసం మనం చేయని త్యాగం లేదన్నారు. (ఆయన మధ్యాహ్నం నిద్ర మానుకుని వచ్చారు.) ఆయన మాట్లాడుతున్నంతసేపూ పచ్చయమ్మాళ్ పడమటి దిక్కే చూస్తూ, ఆయన నోరు పడిపోవాలని కోరుకుంది. నోరు పడలేదు, పొద్దే పడింది.

సహజత్వానికి గాను అయిదో శకటానికి మొదటి బహుమతి ప్రకటించారు. వసంతకుమార్ స్వయంగా దిగివచ్చి కప్పు ఆమె చేతిలో పెట్టాడు. పొద్దు గుంకినా గుంకనట్టే భావించి పూడ్చుకోవచ్చని, సంఘం తరఫున మినహాయింపు కూడా ఇచ్చాడు. తర్వాత పాడె మోస్తున్న పళనిని ఎగాదిగా చూసి, ఆప్యాయంగా అన్నాడు:

"చిన్నోడున్నాడు కదమ్మా. వచ్చే యుద్ధానికీ మీరే రావాల."