వరదమ్మే వరదమ్మ అనడానికి రుజువేది?

పన్నుల ఆఫీసు నుంచి తాకీదు రావడమంత అదృష్టం మనిషికి ఇంకొకటి లేదు! నవ్వకండి. మీకు ఇంతవరకూ ఒక్కటీ రాలేదంటే మీ జాతకంలో ఏదో లోపముందని తెలుసుకోండి.

ఆలోచించి చూడండి. ఈ లోకంలో మిమ్మల్ని 'నువ్వెవరు?' అని మనసుపెట్టి అడిగేవాళ్ళెవరు? కట్టుకున్నవాళ్ళు అడుగుతారా? కన్నబిడ్డలు అడుగుతారా? వాళ్ళకు టీవీ రిమోట్ యాడుందో అడగడానికే టైము చాలదు. పన్నుల ఆఫీసొక్కటే తపాలా ఖర్చు తాను పెట్టుకుని, 'మేడమ్' అని మర్యాదగా పిలిచి, మీరు మీరేనా అని అడుగుతుంది. జవాబు వచ్చేదాకా మిమ్మల్ని విడిచిపెట్టదు కూడా!

తమిళనాడులో, వేలూరు పక్క గుడియాత్తంలో వరదమ్మకు ఆ అదృష్టం పట్టింది.

వరదమ్మ అరవై దాటిన మనిషి. మొగుడు పోయి చానా ఏళ్ళయింది. పొద్దున అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయి పెట్టెల్లో పుల్లలు నింపుతుంది, సాయంత్రం ఇంటికొచ్చి మేకకు ఆకు వేస్తుంది. తోడుకు కూతురు సుమిత, చెప్పుల కంపెనీలో పని. ఫ్యాక్టరీ కూలి ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది. సర్కారిచ్చే వితంతు పింఛనొక్కటే వరదమ్మ తనదని చెప్పుకునే డబ్బు. మాత్రలకూ వక్కాకుకూ కూతురి దగ్గర చెయ్యి చాపకుండా ఇన్నాళ్ళు బతికింది దానివల్లే.

ఆ పింఛను ఒక నెల రాలేదు. మర్నెలా రాలేదు. ఏందబ్బా అని తాలూకాఫీసుకు పోతే, కంప్యూటర్ చూసిన గుమాస్తా లేచి కుర్చీ ఇచ్చినంత పని చేసినాడు. ఇన్‌కమ్ ట్యాక్సు కట్టే పార్టీకి పింఛనెందుకమ్మా అన్నాడు. వరదమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరితోనో అంటున్నాడేమోనని. వెనక ఎవరూ లేరు.

అటు తర్వాత వచ్చింది తాకీదు. సుమిత చదివి చెప్పింది. వరదమ్మకు పాత ఇనుము వ్యాపారమున్నట్టు, దానికి లెక్కలు దాఖలు చేసినట్టు, కట్టిన పన్ను ఎక్కువైంది కాబట్టి తిరిగి ఇమ్మని కోరినట్టు రాసి ఉండాది. ఆఫీసుకు యాడో అనుమానం తగిలింది. ఈ లెక్క పంపింది మీరేనా? మీరు మీరేనా? గడువులోపల రుజువులతో చెప్పండి, లేకుంటే ఇది మీదేనని ఖాయం చేసుకుంటాం అని హెచ్చరిక.

ఖాయమైతే ఏమవుతుంది? వ్యాపారం వరదమ్మదే, పన్ను వరదమ్మదే, దొంగలెక్క రాసిన నేరమూ వరదమ్మదే. పింఛను ఇంక ఈ జన్మకు రాదు. ఆ పూట వరదమ్మ అన్నం ముట్టలేదు.

ఎందుకండీ బెదరడం? రేషన్ షాపు లైన్లో నిలబడితే ఎవరూ తిరిగి చూడని మనిషి, తెల్లారేసరికి వ్యాపారవేత్త అయిపోయింది! పెట్టుబడి లేదు, గోడౌను లేదు, ఇనుపముక్క చేత్తో ముట్టింది లేదు. స్టార్టప్ స్టార్టప్ అని కుర్రకారు గొంతు చించుకుంటున్నారు గదా, ఇంతకంటే సులువైన స్టార్టప్ యాడన్నా ఉండాదా? మా ఊళ్ళో ఏటా ఎండాకాలం, తమిళుల వైకాసి నెలలో గంగమ్మ శిరసును ఊరేగించి తెచ్చి మొండేనికి అమర్చి టెంకాయ కొడతాం. వరదమ్మ తలను కూడా ఎవడో అట్లాగే తీసుకుపోయి ఇనుము కంపెనీకి అమర్చినాడు. టెంకాయ కొట్టలేదు, అంతే తేడా.

ఎవడా మహానుభావుడు? దాచడమెందుకు, వరదమ్మే వాణ్ణి నీడలో కూర్చోబెట్టి మజ్జిగ పోసింది.

ఎండాకాలం మధ్యాహ్నం, ఫ్యాక్టరీకి సెలవు రోజు. భుజాన సంచి తగిలించుకుని వీధిలోకి వచ్చినాడు. ఉచిత కుట్టుమిషన్ల స్కీమని ఇంటింటి ముందూ తమిళంలో చెప్పుకుంటూ పోతున్నాడు. ఒక్క తలుపు తెరుచుకోలేదు. ఉచితమంటే మనవాళ్ళకున్న అనుభవం మీకు తెలిసిందే. ఆ టైముకు వరదమ్మ గడపలో నిలబడి మేకను తిడుతోంది, తెలుగులో. వాడు అడుగు ఆపి, తెలుగులోకి మారి, "ఏం అత్తా, మీరు మనోళ్ళా?" అన్నాడు.

అంతే! పని అయిపోయింది!

చిత్తూరు అవతల ఉండేవాళ్ళకు ఇందులో ఏముందని తోచొచ్చు. గుడియాత్తంలో పుట్టి పెరిగితే తెలుస్తుంది. మాకు బజార్లో తమిళం, బస్సులో తమిళం, బళ్ళో తమిళం. తాతల తాతల నాటినుంచీ ఈ నేల మీదోళ్ళమే, తమిళమంటే మాకే పేచీ లేదు. సామాన్ల చీటీ రాయాలన్నా మాలో చానామందికి వచ్చేది ఆ అక్షరాలే. తెలుగు మాత్రం పొయ్యి దగ్గరా, మేక దగ్గరా, చావింటి దగ్గరా మాట్లాడుకుంటాం. ఆ మాటతో ముక్కూ మొహం తెలియనోడు గడప ముందు నిలబడి 'అత్తా' అంటే ప్రాణం లేచొస్తుంది. లోపలికి రా నాయనా అనని ఆడమనిషి పాలారు ఏటికి ఈ గట్టునా లేదు, ఆ గట్టునా లేదు.

వరదమ్మ వాడి పేరడగలేదు. యా ఊరని అడగలేదు. మనోణ్ణి పట్టుకుని అట్లా అడిగితే ఏం బాగుంటుంది? ఆధార్ ఇచ్చింది, బ్యాంకు ఖాతా కోసం తీసిన పాన్ కార్డూ ఇచ్చింది, ఫొటో ఇచ్చింది. చిన్న మిషనొకటి చాపి వేలు పెట్టమంటే పెట్టింది. ఫోన్ నంబరు కాడ మాత్రం, నీకెందుకత్తా శ్రమ అని వాడే తన నంబరు వేసుకున్నాడు. పోతా పోతా కాళ్ళకు మొక్కినాడు. చల్లగా ఉండు నాయనా అని వరదమ్మ దీవించింది. ఆ దీవెన ఫలించింది, వాడు ఇప్పటికీ యాడో చల్లగానే ఉండాడు.

సరే, వరదమ్మే వరదమ్మ అని రుజువు చేసే పని మొదలైంది. బ్రౌజింగ్ సెంటర్లో సుమిత కూర్చుని 'ఈ లెక్క నాది కాదు' అనే బటన్ నొక్కింది. దానికి ఓటీపీ కావాలంది కంప్యూటర్. ఓటీపీ యా నంబరుకు పోతుంది? వాడి నంబరుకు! దొంగ సరేనంటే తప్ప దొంగతనం జరిగిందని చెప్పుకోవడానికి లేదు. అవతలివాడి అభిప్రాయానికి ఇంత విలువిచ్చే ఏర్పాటు ప్రపంచంలో ఇంకెక్కడన్నా ఉంటే చెప్పండి.

కాబట్టి మనిషే నేరుగా వేలూరు ఆఫీసుకు పోవాల్సి వచ్చింది. అక్కడ ఆనంద్‌రాజ్ అనే ఆఫీసరు. మంచివాడే. కూర్చోమన్నాడు, నీళ్ళిప్పించినాడు, అంతా తమిళంలో ఓపికగా విన్నాడు. అన్నీ విని, వేలు పెట్టమ్మా అన్నాడు.

వేలు పెడితే మిషన్ ఒప్పుకోలేదు. పుల్లలు నింపీ నింపీ వరదమ్మ వేళ్ళ గీతలు ఎప్పుడో అరిగినాయి. పది వేళ్ళూ మార్చి మార్చి పెట్టింది, కొంగుతో తుడిచి పెట్టింది, ఊదుకుని పెట్టింది. ఇట్లాంటి మనిషి లేదు పొమ్మంది మిషన్. ఆ రోజు వాడి మిషన్ మాత్రం ముట్టుకోగానే టింగుమంది. దొంగల దగ్గరుండే మిషన్లు ఎంత నాణ్యమైనవో చూడండి!

వేలు పడకపోతే గెజిటెడ్ ఆఫీసరు సంతకం తెమ్మన్నారు. 'ఈమె నాకు తెలుసు' అని పచ్చ ఇంకుతో రాసి ఇవ్వాలట. వరదమ్మను వీధంతా ఎరుగును. ఆమె నవ్వూ ఎరుగును, తిట్టూ ఎరుగును. వీధిలో ఎవరి దగ్గరా పచ్చ ఇంకు మాత్రం లేదు. పచ్చ ఇంకున్న సర్కారు ఆస్పత్రి పెద్ద డాక్టరొకాయనకు వరదమ్మ ఎవరో తెలీదు. ఆయన తలెత్తకుండానే, ఈమెను నేను వ్యక్తిగతంగా బాగా ఎరుగుదునని సంతకం గీకి పక్కకు తోసినాడు. చూసినారా? తాకీదు రాకపోయుంటే ఇంత గొప్పవాళ్ళతో పరిచయం ఎట్లా అయ్యేది?

ఇట్లా తిరుగుతుండగానే వరదమ్మకు చదువు కూడా అబ్బింది. ఒక రోజు బ్యాంకువాళ్ళు వ్యానుకు మైకు కట్టుకుని వీధిలోకొచ్చి, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, అడిగినోడు దొంగ అని ఊదరగొట్టినారు. వరదమ్మ పని మానుకుని, చేతులు కట్టుకుని ఆ వ్యాను పోయేదాకా విన్నది.

గడువు ఆఖరి రోజు వచ్చింది. తల్లీ కూతురూ మళ్ళా వేలూరు పోయినారు. డాక్టరు సంతకం చూసి ఆనంద్‌రాజ్ కంప్యూటర్లో వాడి నంబరు తీసేసి వరదమ్మ నంబరు వేసినాడు. ఇంక ఒక్క మెట్టే మిగిలింది. వరదమ్మ ఫోన్ టింగుమంది. వచ్చిన ఓటీపీ చెప్పమ్మా అన్నాడు ఆఫీసరు.

వరదమ్మ ఫోన్ తీసి బొడ్లో దోపుకుంది.

సుమిత తల్లి చెయ్యి పట్టుకుంది. ఇది వేరేమ్మా, ఇది ఆఫీసు, ఈయన ఆఫీసరు అని బతిమాలింది. పేరు గోడకు రాసి ఉండాది చూడు అని చూపించింది. గోడకు ఎవరి పేరైనా రాసుకోవచ్చు, ఇనుము కంపెనీకి నా పేరు రాయలేదా అన్నది వరదమ్మ. ఓటీపీ గడువు తీరిపోయింది. ఇంకొకటి పంపించినాడు. అదీ తీరిపోయింది. సాయంత్రం ఆఫీసు మూసే వేళ దగ్గరికొస్తోంది. గడియారం చూసిన సుమితకు కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. ఇంతకాలం తిరిగింది ఈ ఒక్క నంబరు కోసమా అనిపించింది.

తల్లీ కూతుళ్ళ వాదం తెలుగులో జరుగుతోంది. విని విని ఆనంద్‌రాజ్ మొహం మెత్తబడింది. అద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ముందుకు వంగినాడు.

"అత్తా, మాదీ నెమిలి ఊరి పక్క పల్లే. మా ఇంట్లోనూ ఇదే మాట. నేను మనోడినే, చెప్పు అత్తా" అన్నాడు. అచ్చం మన తెలుగు, ఆ యాసే.

అప్పటిదాకా మొండిగా మాత్రమే ఉన్న వరదమ్మ మొహంలో భయం కనబడింది. కుర్చీని వెనక్కి జరుపుకుంది.

"వాడూ ఇట్నే అన్న్యాడు నాయనా" అన్నది మెల్లగా. "అత్తా అనే పిలిచినాడు. మనోడినే అన్న్యాడు."

ఆనంద్‌రాజ్‌కు కోపం రాలేదు. మెడలోని కార్డు తీసి వరదమ్మ చేతిలో పెట్టినాడు. వరదమ్మ దాన్ని వెలుతురుకు ఎత్తి, ఫొటోను చూసి, మనిషిని చూసి, మళ్ళా ఫొటోను చూసింది. ఇందులో మీసం లేదే అన్నది. ఈ మధ్యే పెంచినాను అన్నాడాయన. యా ఊరు, ఎవరి బిడ్డవి, అమ్మ యా ఇంటిది, పెండ్లాము యాడిది అని వరసగా అడిగింది. ఎండాకాలంలో మజ్జిగ తాగిపోయినోణ్ణి అడగాల్సినవన్నీ ఇప్పుడు ఈయన్ని అడిగింది. ఆయన పరీక్షకొచ్చినోడిలా అన్నిటికీ జవాబిచ్చినాడు. చివరికి, దీనికి జెరాక్స్ ఒకటి ఇయ్యి, కింద సంతకం పెట్టు అన్నది.

ఆఫీసరు లేచి తానే జెరాక్స్ తీసుకొచ్చినాడు. పచ్చ ఇంకుతో సంతకం పెట్టినాడు. వరదమ్మ దాన్ని మడిచి రవికలో దాచుకుని, ఆ తర్వాత ఫోన్ తీసి ఒక్కొక్క అంకే చెప్పింది. ఇనుము కంపెనీ రద్దయింది. లెక్క ఆమెది కాదని నమోదైంది. పింఛను మళ్ళా ఇమ్మని తాలూకాఫీసుకు ఉత్తరం పోయింది. కొన్నాళ్ళకు పింఛనూ వచ్చింది!

ఇంతకంటే ఏం కావాలి పాఠకులారా? ఇంటికొచ్చినోడి పేరడగకుండా మజ్జిగ పోసిన మనిషి, ఆఫీసరు కార్డుకే జెరాక్స్ అడిగే స్థాయికి ఎదిగింది. ఒక్క తాకీదు చేసిన మేలిది! ఇట్లాంటి వరదమ్మలు వీధికొకరుంటే దేశంలో పన్ను మోసమనేదే ఉండదు. ఆ కుట్టుమిషన్ల అబ్బాయికి మాత్రం ఇంతవరకూ ఏ తాకీదూ పోలేదు. నువ్వు నువ్వేనా అని వాణ్ణెవరూ అడగలేదు. ఆఫీసువాళ్ళను అనడమెందుకు, ఆ రోజు గడపలో మనమూ అడగలేదు గదా.

ఆ సాయంత్రం ఆనంద్‌రాజ్ పని ముగించుకుని వాళ్ళను గుమ్మందాకా సాగనంపినాడు. "జాగ్రత్తగా పో అత్తా. ఈ పక్కకొస్తే మా ఇంటికి రా, మజ్జిగ తాగి పోదువు" అన్నాడు.

వరదమ్మ ఆయన మొహంలోకి చూసి, కొంగు సర్దుకుని, రెండు చేతులూ జోడించింది.

"సరింగ సార్, పోయిట్టు వరేన్" అని, పోయొస్తాననే మాటను తమిళంలో చెప్పి, మెట్లు దిగిపోయింది.