మచ్చు పొగ

నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. పొద్దున బడికి పోయే కారు వెనక సీట్లో నా బిడ్డ నిద్రపోతుంది, బడి దగ్గర తలుపు తీస్తే లేవదు. ఇంతే నా భయం. ఇది తప్ప మా దిక్కు అంతా క్షేమం.

క్షేమమని నేనొక్కదాన్నే అనడం లేదు, దానికి ముద్ర వేసిన కాగితం కూడా ఉంది. మా కారు పొగ పరీక్షలో పాసైందని బంధుమిత్రులకూ పాఠక మహాశయులకూ తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. కారు మాత్రం ఆ పరీక్షకు హాజరు కాలేదు. అనారోగ్య కారణాల వల్ల రాలేకపోయింది.

ఆ కారు గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా నాన్న నన్ను తొమ్మిదో తరగతిలో బడి మాన్పించిన నాటికే అది రోడ్డు మీద తిరుగుతోంది. నా చదువు ఆగింది గానీ అది ఆగలేదు. ఇప్పుడు మా ఆయన శ్రవణ్‌కుమార్ వేల్పూర్ నుంచి పిల్లల్ని దాంట్లోనే ఆర్మూర్ బడికి తీసుకుపోతాడు. మా బతుకుదెరువు అదే. ముందు సీట్లో పట్టినంతమంది, వెనక సీట్లో పట్టనంతమంది. నా కూతురు అందరికంటే చిన్నది గనుక వెనక సీట్లో ఓ మూలకు కూర్చుంటుంది. బడిలో దాని పేరు ఇంకేదో ఉంది, ఇంట్లో మాత్రం చిన్నక్క.

లోకంలో అన్ని కార్లూ పొగను వెనక్కి వదులుతాయి. మాది పక్షపాతం లేనిది, లోపలికీ వదులుతుంది. వెనక సీటు కింద ఇనుము తుప్పు తిని అరచేయంత కన్నం పడింది. మా ఆయన దాని మీద పసుపు గోనెసంచి ఒకటి మడిచి పరిచాడు. ఆ రోజు నుంచి కన్నం కనబడటం మానేసింది. కనబడనిది లేనట్టేనని మా ఇంట్లో నియమం.

ఆ కారులో వచ్చే పిల్లలకు బడిలో మంచి పేరుంది. మిగతా పిల్లలు ఆటోల్లోంచి కోతుల్లా దూకుతారు. మా పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి, మెల్లగా, పెళ్లిలో పెద్దమనుషుల్లా దిగుతారు. ప్రార్థనలో కళ్లు మూసుకొమ్మని వాళ్లకు వేరే చెప్పనక్కర లేదు. పెద్ద మేడమ్ ఒకసారి తల్లిదండ్రుల సమావేశంలో మా ఆయనను లేపి నిలబెట్టి, "ప్రయాణంలోనే క్రమశిక్షణ నేర్పుతున్న ఏకైక వాహనం" అని చప్పట్లు కొట్టించింది. ఆ మరుసటి వారమే ఇంకో ఇద్దరు పిల్లలు చేరారు.

చిన్నక్కకు బడి ఉన్నప్పుడల్లా తలనొప్పి. రెండుమూడు సార్లు వాంతి కూడా చేసుకుంది. ఆదివారం మాత్రం వాకిట్లో మేకపిల్లతో సమానంగా ఎగురుతుంది.

"ఆదివారం నాడు దానికి తల ఎందుకు నొస్తలేదు?" అని మా ఆయనను అడిగాను.

"ఆదివారం బడి లేదు గదనే. బడంటే ఎవలికైన తలనొప్పే," అన్నాడు.

మా అత్తమ్మ భూమవ్వ పొయ్యి దగ్గరి నుంచే తీర్పు చెప్పింది. "నీకన్నీ లేనిపోని ఫికర్లు. మేం ఎడ్లబండ్ల మీద తిరగలే? గా దుమ్ముకు సచ్చినమా?"

"ఎడ్లు పొగ ఇడుస్తయా అత్తమ్మా?"

"సూడు, సూడు, మాటకు మాట! గంత భయమైతే దాన్ని బడి మాన్పియ్యి. నీ లెక్కనే ఇంట్ల గిన్నెలు తోముకుంట ఉంటది."

బడి మాన్పించే మాట వస్తే నేనే వెనక్కి తగ్గుతాను. బస్సులో పంపుదామంటే అది బడి గంట కొట్టిన తర్వాత గానీ రాదు. అందుకని పొద్దున్నే జడలు వేసి, ముద్దు పెట్టి, నా చేతులతో నేనే ఆ మూలకు కూర్చోబెడతాను. "దారంతా పాట పాడు బిడ్డా, ఆపకు" అని చెప్తాను. పాట వినబడితే మేలుకొని ఉన్నట్టు. ఈ పద్ధతి ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు, నేనే కనిపెట్టాను.

ఇట్లా ఉండగా పెర్కిట్ చౌరస్తాలో తనిఖీ సార్లు నిలబడి, పొగ కాగితం లేని బండినల్లా పక్కకు పెట్టడం మొదలైంది. మా ఆయన తల పట్టుకున్నాడు. నేను మాత్రం దేవుడి ముందు ఊదుబత్తి వెలిగించాను. అంతకంటే ఎక్కువ పొగ పెట్టబుద్ధి కాలేదు. నా మాట వినని ఇంట్లో యంత్రం మాటన్నా వింటారని ఆశ. యంత్రం ఫెయిల్ అంటుంది, కారు మెకానిక్ దగ్గరికి పోతుంది, కన్నానికి రేకు పడుతుంది, నా బిడ్డకు గాలి ఆడుతుంది. ఇంత చక్కటి ప్రణాళిక ఏ ప్రభుత్వం దగ్గరా ఉండదు.

పెట్రోలు బంకు పక్కన పొగ పరీక్ష చేసే శ్రీకాంత్ మా కారు వెనక గొట్టంలో తన గొట్టం పెట్టాడు. యంత్రం ఒక్కసారి మూలిగి ఆరిపోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ ఆరిపోయింది.

"అన్నా, మస్తు పరేషాన్ అయితున్నది నా మిషన్. తీస్కపో అన్నా, దండం పెడుత," అన్నాడు.

ఆ రోజు నేను ఇంట్లో పాయసం వండాను. ఎందుకని ఎవరూ అడగలేదు, తిన్నారు.

కానీ మా ఆయన మెకానిక్ దగ్గరికి పోలేదు. నారాయణదాస్ సేటు దగ్గరికి పోయాడు. సేటుది పసుపు కమీషన్ దుకాణం. మా దిక్కు పెళ్లి సంబంధం నుంచి పంచాయితీ దాకా ఏ చిక్కు వచ్చినా ఆ దుకాణం గద్దె మీదే విడిపోతుంది. ఇక్కడ పసుపు సంగతి తెలియని వారి కోసం ఒక మాట. పంటను అమ్మేముందు సంచిలోంచి గుప్పెడు కొమ్ములు మచ్చుకు తీసి చూపిస్తారు. సేటు ఒక కొమ్ము విరుస్తాడు. లోపలి రంగు చూస్తాడు, విరిగిన చప్పుడు వింటాడు, మొత్తం కుప్పకు ధర కడతాడు. ఆ గుప్పెడులో పుచ్చు కొమ్ము పెట్టే మూర్ఖుడు మా తాలూకాలో ఇంకా పుట్టలేదు. మన చేను బాగా పండకపోతే పక్క చేను కొమ్ములు నాలుగు అడుక్కొచ్చి మచ్చు పెట్టడం కూడా ఉంది. దాన్ని మోసం అనరు, ఇరుగుపొరుగు అంటారు.

సేటు మా ఆయన గోడు విని నవ్వాడట. "అరే శ్రవణ్, జర తెల్వి ఉన్నదార నీకు? కుప్పనంత ఎత్తుకపోయి ముంగట పోస్తరా ఎవలన్న? మచ్చు తీస్కపోవాలె."

"పొగకు మచ్చేంది సేటు?"

"పసుపుకున్నది, వడ్లకున్నది, పిల్లను సూడవోయెటోనికి ఫోటో ఉన్నది. పొగ ఏం పాపం జేసింది? మా మహిధర్ కొత్త కారు తెచ్చిండు గదా. గంత సల్లటి పొగ జిల్లాలనే లేదు. పట్టుకపో."

మహిధర్ సేటు కొడుకు. అతని కారు వెనక గొట్టానికి పసుపు సంచి లోపల వేసే పెద్ద ప్లాస్టిక్ కవరు కట్టారు. అది గర్భిణిలా నిండాక మూతి బిగించి సుతిలితో ముడి వేశారు. మా ఆయన దాన్ని గుండెకు ఆనించుకొని, ఎండ తగలకుండా తువ్వాల కప్పి, బైకు మీద వెనక కూర్చొని తెచ్చాడు. చిన్నక్కను ఎప్పుడైనా అట్లా ఎత్తుకున్నాడా అని గుర్తు చేసుకుంటున్నాను, ఇంకా గుర్తు రాలేదు.

"బండేదన్నా?" అని అడిగాడట శ్రీకాంత్.

"బండికి పానం మంచిగ లేదు. మచ్చు తెచ్చిన."

శ్రీకాంత్ కూడా పసుపు రైతు బిడ్డే. వెంటనే అర్థం చేసుకున్నాడు. కవరును వేలితో నొక్కి, "తడి లేదు గదా?" అన్నాడు.

"లేదే. పొద్దుగాల పట్టినం, మంచిగ ఆరింది."

గొట్టం కవర్లో పెట్టాడు. యంత్రం హాయిగా నిట్టూర్చింది. ఫోటోలో బండి నంబరు కనబడాలని నిబంధన ఉంది గనుక, ఊడదీసి తెచ్చిన నంబరు ప్లేటును మా ఆయన ఎదకు పట్టుకొని నిలబడ్డాడు. ఆ విధంగా మా ఆయన నిర్ణీత ప్రమాణాలకు లోబడి పొగ వదులుతున్నట్టు ధ్రువీకరించబడింది. నిజమే, ఆయన బీడీ కూడా తాగడు.

మంచి పని దాగదు. వారం తిరక్కుండానే దొంకేశ్వర్ నుంచి, మెండోర నుంచి కవర్లు పట్టుకొని జనం రావడం మొదలైంది. సేటు దుకాణం వెనక ఖాళీ జాగాలో మహిధర్ కారు పొద్దంతా నిలబడి మచ్చు ఇస్తూ ఉండేది. ఎక్కడికీ పోయే తీరిక దానికి లేదు. దుకాణంలో హమాలీలు దగ్గుతున్నారని ఎవరో అంటే, అది పసుపు దుమ్మని సేటు సముదాయించాడు. లైను పెరిగేసరికి కల్తీ కూడా వచ్చింది. మెండోర నుంచి వచ్చిన ఎంకటి అనే అతను లైన్లో నిలబడే ఓపిక లేక, నోటితో కవరు ఊది తెచ్చాడు. అతని లారీకి అందరికంటే మంచి ఫలితం వచ్చింది. సేటు చాలా బాధపడ్డాడు. "గిట్ల నమ్మకం పోగొడితె యాపారం ఎట్ల నడుస్తది?" అన్నాడు.

త్వరలోనే సన్మాన సభ కూడా జరిగింది. జిల్లా నుంచి ఒక పెద్దసారు వచ్చారు. వారి ఉపన్యాసం ఇది. "సోదర సోదరీమణులారా! పరీక్ష కోసం వాహనాలు బారులు తీరి పొగ వదులుతూ రావడమే కాలుష్యానికి మూలకారణమని మా అధ్యయనంలో తేలింది. వాహనమే రాకుండా పరీక్ష జరిపే ఈ విధానం వల్ల మూలాన్ని మూలంలోనే ఛేదించాం. లోకం గాయానికి పసుపు ఇచ్చిన ఈ గడ్డ, నేడు లోకం ఊపిరికి దారి చూపింది!" చప్పట్లు మోగాయి. మా ఆయనకు శాలువా కప్పారు. శాలువాలో కూడా కొంచెం పొగ వాసన వచ్చింది గానీ, సభామర్యాద కోసం నేను తుమ్మలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో పొగ లేదు. ఉన్నా లేదు. ఆ సాయంత్రమే చిన్నక్క బడి నుంచి వచ్చి గడపలోనే వాంతి చేసుకుంటే మా ఆయనను వెంటబెట్టుకొని దవాఖానకు ఎత్తుకుపోయాను. కారులో పొగ వస్తుంది సారూ అన్నాను. డాక్టరు మా ఆయన వైపు చూసి, "పరీక్ష చేయించారా?" అన్నాడు. మా ఆయన ఫోన్‌లో కాగితం చూపించాడు. "మరింకేం, పొగ కాదు" అని రక్తం పట్టడానికి టానిక్ రాశాడు. బిడ్డ ఊపిరి మీద గొట్టం పెట్టనైనా పెట్టలేదు. దాని ఊపిరి కంటే కాగితం స్పష్టంగా ఉంది మరి.

ఇక నేనే సాక్షిని అవుదామని ఒక పొద్దున కారెక్కాను. వెనక సీట్లో చిన్నక్కను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. అద్దం దించే పిడి విరిగిపోయి ఉంది. చిన్నక్క పాట ఎత్తుకుంది, నేనూ కలిపాను. వేల్పూర్ దాటాం. చేలల్లో పసుపు ఉడకబెట్టే కళాయిల పొగ లేస్తోంది. అది అందంగా, చాలా దూరంగా ఉంది. పాటలో రెండో చరణం ఏమిటా అని ఆలోచిస్తున్నాను. తర్వాత ఏమైందో నాకు తెలియదు.

మిగతాది మా ఆయనే నవ్వుతూ చెప్పాడు. పెర్కిట్ దగ్గర తనిఖీ సార్లు కారు ఆపారట. కాగితం చూశారు. లోపలికి తొంగి చూశారు. తల్లీ పిల్లలూ అంతా ఒకరి మీద ఒకరు ఒరిగి ఉన్నారు. "అయ్యో పాపం, పొద్దుగాల లేసిండ్రు గావచ్చు, పండుకోనియ్యి. హారన్ కొట్టకుండ మెల్లగ పో," అని చేయి ఊపారట. ఎంత మంచివాళ్లో! బడి దగ్గర ఎవరో నా ముఖాన నీళ్లు కొడితే కళ్లు తెరిచాను. నా ఒళ్లో చిన్నక్కను ఊపాను. లేవలేదు. ఇంకోసారి ఊపాను. పేరు పెట్టి అరిచాను. గేటు బయటి గాలిలోకి ఎత్తుకుపోయి చెంప మీద కొడితే, అప్పుడు, "అమ్మా, బడచ్చిందా?" అంది.

పెద్ద మేడమ్ నా అరుపుకు విసుక్కుంది. తల్లులు కూడా క్రమశిక్షణ పాటించాలని చెప్పింది.

ఇంటికొచ్చాక అందరూ కూర్చొని ఒక నిర్ణయానికి వచ్చారు. నాకు నీరసం. ఇంట్లో చాకిరీ ఎక్కువై దారిలో నిద్ర పట్టింది. రేపటి నుంచి నేను కారెక్కకూడదు. అసలు ఒక పిల్ల కూర్చునే జాగా నేను ఆక్రమించాను. నేను ఏడిస్తే మా ఆయన దగ్గరికొచ్చి, నిజంగా ప్రేమగానే, "పిచ్చిదానా, నా బిడ్డ కాదానే అది? కాగితం ఉన్నది గదా, ఎందుకు భయపడుతవు?" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. నమ్మాడు. నంబరు ప్లేటు ఎదకు పట్టుకొని ఫోటో దిగి తను తెచ్చిన కాగితాన్ని తనే నమ్మాడు. నన్ను భయపెడుతున్నది ఇప్పుడు అదే.

రేపు నేను దాన్ని పంపను. ఎల్లుండీ పంపను. ఆ తర్వాత నేను దాని చదువు చెడగొడుతున్నానని పెద్దలు వస్తారు. పంపిస్తాను. నన్ను నేను ఎరుగుదును.

అందుకే మీకు రాస్తున్నాను. మీ బండికి కాగితం ఎట్లా వచ్చిందని నేను అడగను. మీకు తెలుసు, నాకూ తెలుసు, మనం మనం ఒకటే. మీరు పొద్దున బడివేళకు వేల్పూర్ నుంచి ఆర్మూర్ పోయే దారిలో ఉంటే, నిండా పిల్లలతో ఒక పాత తెల్ల కారు కనబడితే, దయచేసి ఆపండి. కాగితం అడగొద్దు, అది సక్రమంగా ఉంది. ఎడమ పక్క వెనక అద్దం మీద గట్టిగా కొట్టండి. మూలకు రెండు జడల పిల్ల ఉంటుంది. ముద్దుగా నిద్రపోతోందని అనుకోకండి. లేపండి. లేచి మిమ్మల్ని చూసేదాకా అక్కడి నుంచి కదలకండి.