దవడ పన్నుకు సంరక్షకుడు

పద్దెనిమిదో పుట్టినరోజు తెల్లవారగానే మనిషికి బుద్ధి వస్తుందని చట్టం తేల్చేసింది. ముందురోజు సాయంత్రం దాకా రాదు. (మధ్యలో ఏ వేళకు వస్తుందో చెప్పలేదు. బహుశా నిద్రలో.)

నాకు పదిహేడు. అందువల్ల నా దవడ పన్ను నన్ను బాధ పెట్టవచ్చు గానీ, దాన్ని పీకించుకునే అధికారం నాకు లేదు.

పళ్ల ఆసుపత్రి కౌంటర్ దగ్గర మేడమ్ వాచిన నా బుగ్గ చూసింది.

"నొప్పి ఎవరికి?"

"నాకేనండీ."

"పీకడానికి ఒప్పుకునేదెవరు?"

బాబాయిని చూపించాను. అమ్మా నాన్నా పనికి వెళ్లారు కాబట్టి ఇంట్లో ఖాళీగా ఉన్న ఏకైక మేజర్ ఆయనే. అప్పటికే అక్కడి చేపల తొట్టెలో వేలు పెట్టి చీవాట్లు తిన్నాడు.

మేడమ్ నియమం వివరించింది. మైనర్ పన్ను తీస్తున్నంతసేపూ సంరక్షకుడు పక్కనే కూర్చుని ధైర్యం చెప్పాలి. (ఆయనకు ధైర్యం ఉండాలన్న నియమం లేదు.)

"భయపడకే అమ్మలూ, నేనున్నాగా," అంటూ బాబాయి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి చెమటకు జారిపోతుంటే నేనే గట్టిగా పట్టుకున్నాను.

డాక్టరు మత్తు సూది పైకెత్తాడు. నేను నోరు తెరిచాను. బాబాయి కళ్లు తేలేసి, కుర్చీతో సహా పడిపోయాడు.

డాక్టరు సూది దించేశాడు. "సంరక్షకుడికి స్పృహ లేదు. పన్ను తీయడం కుదరదు."

"నాకుంది కదండీ!" అన్నాను. బయటివాళ్లతో అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

"నీ స్పృహ చెల్లదమ్మా. మైనర్‌వి."

స్పృహ తప్పినా మేజర్ మేజరేనని అప్పుడు తెలిసింది.

ముఖాన నీళ్లు కొడితే బాబాయి లేచి, "అయిపోయిందా? నొప్పి తగ్గిందా?" అని అడిగాడు. మళ్లీ ఆ గదిలోకి మాత్రం రానన్నాడు. తలుపు పట్టుకుని వదల్లేదు.

మేడమ్ ఒక కాగితం నా ముందుకు తోసింది. "ఇతన్ని ఒంటరిగా పంపకూడదు. బాధ్యత తీసుకుంటున్నట్టు సంతకం పెట్టి ఇంటికి తీసుకెళ్లు."

"నేను మైనర్‌నండీ."

"మనిషిని తీసుకెళ్లడానికి వయసుతో పనిలేదమ్మా. పన్ను తీయించుకోవడానికే."

సంతకం పెట్టాను. దారిలో బాబాయి ఐస్‌క్రీమ్ కావాలన్నాడు. నా బాధ్యతలో ఉన్నాడు కాబట్టి వద్దన్నాను. ఇల్లు చేరేదాకా అలిగాడు.

అప్పటికే పని నుంచి వచ్చేసిన అమ్మ గుమ్మంలోనే అడిగింది, "పన్ను తీశారా?"

"ఎక్కడ వదినా! చిన్నపిల్ల కదా, సూది చూసి బెదిరిపోయింది. నేనే సముదాయించి తీసుకొచ్చాను."

మేజర్ వాంగ్మూలం కాబట్టి విచారణ లేకుండానే అమ్మ నమ్మేసింది. ఇల్లు చేరేసరికి ఇంకా వాచిన నా బుగ్గ నోరు తెరవనిచ్చే స్థితిలో లేదు.

"ఈ చిన్నతనం ఎప్పుడు పోతుందే నీకు?" అంది అమ్మ. "రేపు మళ్లీ వెళ్లండి. బాబాయి చెయ్యి మాత్రం వదలకు."

వదలను. సంతకం పెట్టాను కదా.